దొరికిన చోటు, పుట్టిన చోటు: కొండవాగుల కాడిస్ ఈగల వర్ణనకు గుత్తి నీలి సాలీడు నేర్పే పాఠం

సంగ్రహం

కొత్త జీవజాతిని వర్ణించేటప్పుడు శరీర లక్షణాల మీద పెట్టినంత శ్రద్ధ అది దొరికిన చోటు మీద పెట్టకపోతే ఆ వర్ణన సగంలో ఆగినట్టే. 1899లో గుత్తి నుంచి నమోదైన నీలి సాలీడు ఉదంతాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొండవాగుల్లో పుట్టే కాడిస్ ఈగలను వర్ణించేవారు దాని నుంచి ఏం గ్రహించాలో చర్చిస్తుంది.

1. గుత్తి నమూనా

బళ్లారిలోని కౌల్ బజార్ వాసులకు గుత్తి పరాయి ఊరు కాదు. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేదాకా అది బళ్లారి జిల్లాలోనే ఉండేది. గుత్తిలో రైల్వే కలప నిల్వ చేసిన చోట దొరికిన ఒకే ఒక్క నమూనా ఆధారంగా బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త రెజినాల్డ్ ఇన్నిస్ పోకాక్ 1899లో ఒక సాలీడును వర్ణించాడు. దానికి పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. వర్ణన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడింది. ఒళ్లంతా లోహపు మెరుపున్న నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు. ఆ నీలానికి కారణం రంగుద్రవ్యం కాదనీ, నూగులోని అతిసూక్ష్మ నిర్మాణాల మీద వెలుతురు పడి ఆ వన్నె పుడుతుందనీ ఇటీవలి పరిశోధనలు తేల్చాయి.

ఆ తర్వాత వందేళ్లపాటు ఆ సాలీడు శాస్త్రవేత్తల కంటపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో మళ్లీ కనిపించింది. ఆ చోటు గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరం. చెట్ల తొర్రల్లో బతికే ఈ ప్రాణికి గుత్తి రాతిగుట్టలు సహజమైన నెలవు కావు. అడవి నుంచి వచ్చిన కలపతోపాటు అది రైల్లో గుత్తి చేరి ఉంటుందని నిపుణులు భావిస్తున్నారు. 2008 నాటి అంచనా ప్రకారం దాని ఆవాసం 100 చదరపు కిలోమీటర్లకు మించదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు.

ఇలాంటి చిక్కును అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ముందే ఊహించింది. నమూనాను మనుషులు వేరే చోటికి తరలించాక పట్టుకుంటే, ఆ అసహజ ప్రయాణం ఎక్కడ మొదలైందో అదే దాని టైప్ స్థలమని (జాతి పేరుకు ఆధారమైన నమూనా దొరికిన చోటని) 76వ అధికరణం చెబుతుంది. ఆ లెక్కన, కలపతో వచ్చిందన్న అభిప్రాయం నిజమైతే, ఈ సాలీడు టైప్ స్థలం గుత్తి కాదు, ఆ కలప నరికిన అడవి. ఆ అడవి ఏదో వర్ణనతోపాటే తెలిసి ఉంటే అన్వేషణ అక్కడి నుంచే మొదలయ్యేది. జాతిని కాపాడే పనికి ఒక శతాబ్దం కలిసొచ్చేది.

2. కాడిస్ ఈగను వర్ణించడం

కాడిస్ ఈగలు ట్రైకాప్టెరా క్రమానికి చెందినవి. పేరులో ఈగ ఉన్నా, సీతాకోకచిలుకలకూ చిమ్మెటలకూ ఇవి దగ్గరి చుట్టాలు. రెక్కల మీద పొలుసులకు బదులు సన్నని నూగు ఉంటుంది. ప్రపంచంలో 16 వేలకు పైగా జాతులున్నాయి. డింభకాలు నీళ్లలో పెరుగుతాయి. నోటి నుంచి పట్టుదారం తీసి ఇసుక రేణువులనో ఆకు ముక్కలనో అతికించి కొన్ని గూడు కట్టుకుంటాయి. ప్రవాహానికి అడ్డంగా వలపన్ని కొట్టుకొచ్చే తిండి పట్టుకునేవి మరికొన్ని. ఎత్తైన ఆసియా పర్వతాల వాగుల్లో పెరిగే హిమాలాప్సికే ప్రజాతి డింభకాలు గూడు లేకుండా తిరుగుతూ వేటాడతాయి. ప్యూపా దశకు ముందు మాత్రమే రాళ్లు పేర్చుకుని లోపల చేరతాయి. చల్లని నీరు, దండిగా ప్రాణవాయువు, లోయకూ లోయకూ మధ్య అడ్డుగోడల్లాంటి శిఖరాలు ఉన్నచోట ఒక్కో వాగు సముదాయంలో ఒక్కో జాతి రూపుదిద్దుకునే అవకాశం ఎక్కువ.

జాతిని నిర్ధారించేది ప్రధానంగా మగ ఈగ జననాంగాల ఆకృతి. సారాయంలో భద్రపరిచిన నమూనా ఉదరాన్ని విడదీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేస్తే మెత్తని కండ కరిగిపోయి గట్టి పెంకు భాగాలు మిగులుతాయి. వాటిని గ్లిజరిన్‌లో ఉంచి పక్క నుంచి, పైనుంచి, కింది నుంచి చూసి బొమ్మలు గీస్తారు. ఒక కొక్కెం వంపు, ఒక తమ్మె చివరి చీలిక పొరుగు జాతి నుంచి దీన్ని వేరుచేస్తాయి. 1999 తర్వాత ప్రచురించే ప్రతి కొత్త జాతికీ పేరుకు ఆధారమయ్యే టైప్ నమూనాను స్పష్టంగా నిర్దేశించి, అది ఏ సంస్థలో ఉంటుందో చెప్పడం తప్పనిసరి. మన దేశంలో ఇలాంటి నమూనాలను 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థ భద్రపరుస్తోంది.

3. దీపానికి వచ్చిన ఈగ ఏ వాగుది?

గుత్తి సమస్య ఇక్కడ మరో రూపంలో ఎదురవుతుంది. రెక్కలొచ్చిన పెద్ద ఈగలను ఎక్కువగా రాత్రిపూట దీపం పెట్టి పట్టుకుంటారు. డింభకాలను ప్రవాహం కిందికి లాక్కుపోతుంది. రెక్కలొచ్చిన ఆడ ఈగలు గుడ్లు పెట్టడానికి ఎగువకు ఎగిరి వెళ్తాయని 1954లో కార్ల్ ముల్లర్ ప్రతిపాదించాడు. అందుకే దీపం పెట్టిన చోటు ఈగ పుట్టిన చోటని ఊహించి రాయకూడదు.

దీనికి పాతకాలపు మార్గమే ఒకటుంది. పక్వానికొచ్చిన మగ ప్యూపాను గూటితో సహా తీస్తే, పారదర్శకమైన చర్మం కింద పెద్ద ఈగ జననాంగాలు అప్పటికే ఏర్పడి కనిపిస్తాయి. అదే గూటి అడుగున డింభకం విడిచిన తలపెంకు, కాళ్ల ముక్కలు ఉంటాయి. ఒకే గూట్లో రెండు దశల సాక్ష్యం దొరుకుతుంది, అదీ వాగులోని రాయికి అంటుకుని. ప్యూపాలు దొరకనిచోట డీఎన్ఏ బార్‌కోడ్‌తో డింభకాన్నీ పెద్ద ఈగనూ జతపరచవచ్చు. నమూనా చీటీలో వాగు పేరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, సేకరించినవారి పేరు, పట్టిన పద్ధతి ఉండాలి. దీపానికి వచ్చిందైతే వాగుకు దీపం ఎంత దూరమో కూడా రాయాలి.

4. సండూరు కొండల వైపు

ఈ క్రమశిక్షణ హిమాలయాలకే పరిమితం కానక్కర్లేదు. కౌల్ బజార్‌కు పడమటి దిక్కున సండూరు కొండలున్నాయి. వెయ్యి మీటర్లకు అటూ ఇటూ ఎత్తున్న ఈ శ్రేణిలోని రామనదుర్గంలో బ్రిటిష్ కాలంలో బళ్లారి సైనికులకు ఆరోగ్య విడిది ఉండేది. నారిహళ్ల ఈ కొండల మధ్య నుంచే పారుతుంది. ఇనుప గనుల మట్టి వాగులో పేరుకుంటే రాళ్ల సందులు పూడిపోతాయి. అక్కడే గూళ్లు కట్టి, వలలు పన్నే డింభకాలకు నిలువ నీడ ఉండదు. 2011లో సుప్రీంకోర్టు బళ్లారిలో తవ్వకాలు నిలిపివేయించే దాకా వెళ్లిన నష్టంలో వాగుల గతి కూడా భాగమే.

ముగింపు

పేరు పెట్టడంతో జాతి శాస్త్రానికి పరిచయమవుతుంది. దాన్ని కాపాడాలంటే మాత్రం ఎక్కడ పుట్టి, ఏ నీటిలో పెరిగిందో తెలియాలి. కొండవాగుల కాడిస్ ఈగలను వర్ణించే ప్రతి వ్యాసంలోనూ పుట్టిన వాగును జననాంగాల చిత్రాలతో సమానంగా, సాక్ష్యంతో నిరూపించాలి. సండూరు వాగుల సర్వేను బళ్లారి, అనంతపురం జీవశాస్త్ర విభాగాలు కలిసి చేపట్టాలి. ప్యూపాలతో మొదలుపెట్టాలి. కొండ బళ్లారి వైపుదే అయినా, బాధ్యత ఉమ్మడిదే.