పొద్దున్నే మొరాయించే బండి: లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

రాత్రంతా ఆగి ఉన్న బండి తెల్లవారాక ఓ పట్టాన స్టార్ట్ కాదు. ఒకసారి అందుకుందంటే మాత్రం సాయంత్రం దాకా ఒక్క సెల్ఫ్‌కే పలుకుతుంది. దీన్నే మెకానిక్కులు కోల్డ్ స్టార్ట్ సమస్య అంటారు. ఇక్కడ ‘కోల్డ్’ అంటే వాతావరణంలోని చలి ఒక్కటే కాదు, చల్లారిపోయిన ఇంజను అని అర్థం. అందుకే ఈ తిప్పలు వేసవిలోనూ రావచ్చు. స్కూలు పిల్లల్ని దింపే ఆటోకైనా, మార్కెట్‌కు కూరగాయలు చేర్చే ట్రక్కుకైనా ఆ అరగంట ఆలస్యం అంటే ఆ పూట బేరం పోయినట్టే.

చలి నిందే ఎక్కువ

లంబసింగి, చింతపల్లి లాంటి మన్యం ఊళ్లలో శీతాకాలం ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోతుంది. గోదావరి డెల్టాలో అలా ఉండదు. రాజమండ్రి, అమలాపురం, భీమవరం వైపు జనవరిలో కూడా తెల్లవారుజామున సాధారణంగా 15 డిగ్రీలకు పైనే ఉంటుంది. ఆ మాత్రం చలికి మంచి బండి మొరాయించకూడదు. మొరాయించిందంటే లోపల ఏదో ముందే బలహీనపడిందని అర్థం. చలి దాన్ని బయటపెట్టిందంతే. డెల్టాలో అసలు శత్రువు తేమ. కాలవగట్ల మంచు, వానాకాలం చెమ్మ, అంతర్వేది, ఉప్పాడ లాంటి తీరాన ఉప్పుగాలి వైర్ల జాయింట్లనూ బ్యాటరీ టెర్మినళ్లనూ తినేస్తాయి.

ముందు చెవితో వినాలి

పానా పట్టకముందే సెల్ఫ్ కొట్టి వింటే సగం సంగతి తెలిసిపోతుంది. ఇంజను ఈడ్చుకుంటూ మెల్లగా తిరిగితే లోపం కరెంటు వైపు: బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ వైరు, సెల్ఫ్ మోటారు. చురుగ్గా తిరుగుతూ అందుకోకపోతే ఇంధనమో, స్పార్కో అందడం లేదు. అందుకుని వెంటనే ఆగిపోతుంటే గాలి, పెట్రోలు కలిసే పాళ్లు కుదరడం లేదు.

మెల్లగా తిరిగితే

రాత్రంతా ఆగిన 12 వోల్టుల బ్యాటరీకి పొద్దున్నే మీటరు పెడితే 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. 12.2 ఉంటే ఛార్జి సగానికి దిగినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీని అనుమానించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. అంతకు తక్కువైతే ఛార్జింగే సరిగా లేదు, అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజులే. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే ముందు నెగటివ్ వైరు ఊడదీసి శుభ్రం చేయాలి. బిగించేటప్పుడు నెగటివ్ చివర్న పెట్టాలి.

పెట్రోలు బండ్లు

చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి మొదట్లో కాస్త ఎక్కువ పెట్రోలు కావాలి. పాత కార్బురేటర్ బండ్లలో ఆ పని చోక్ చేస్తుంది. చోక్ వైరు పట్టేసిందేమో చూడాలి. నాలుగైదు కిక్కులు కొట్టాక ప్లగ్ విప్పి చూస్తే, తడిగా పెట్రోలు వాసన వస్తే స్పార్క్ లేదు. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయెల్ ఇంజెక్షనే. తాళం తిప్పగానే పంపు రెండు, మూడు సెకన్లు గుయ్‌మని ఆగుతుంది. ఆ చప్పుడు ఆగాకే సెల్ఫ్ కొట్టాలి. తాళం రెండు, మూడుసార్లు ఆన్, ఆఫ్ చేశాక తేలిగ్గా స్టార్టయితే రాత్రిపూట లైనులో ప్రెషర్ దిగిపోతోందన్నమాట. ఇంజను వేడిని కొలిచే సెన్సరు తప్పు చెబితే కంప్యూటర్ ఇంజను వేడిగానే ఉందనుకుని పెట్రోలు తగ్గిస్తుంది. కారుకు పొద్దున్నే స్కానర్ పెడితే ఇంజను సెన్సరు, గాలి సెన్సరు దాదాపు ఒకే డిగ్రీలు చూపాలి. ఒకటి 20, రెండోది 60 చూపితే దొంగ దొరికినట్టే.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. వరదలో మునిగిన, నెలల తరబడి కదలని బండికి ముందు ట్యాంకు ఖాళీ చేయించాలి.

డీజిల్ ఆటోలు, ట్రాక్టర్లు

హీటర్ ప్లగ్గులు ఉన్న బండికి డాష్‌బోర్డులో చుట్ట గుర్తు లైటు ఆరాకే సెల్ఫ్ కొట్టాలి. కొట్టిన కొద్దీ తెల్లటి పొగ వస్తూ అందుకోకపోతే డీజిల్ వస్తోంది గానీ అంటుకోవడం లేదు. అప్పుడు హీటర్ ప్లగ్గుల్ని ఒక్కొక్కటిగా మీటరుతో పరీక్షించాలి. అవి బాగుంటే కంప్రెషన్ చూడాలి. పొగే రాకపోతే డీజిలే అందడం లేదు. చేతి పంపు కొడితే స్టార్టవుతుంటే రాత్రికి లైనులోకి గాలి చేరుతోంది. పైపులు, క్లిప్పులు, ఫిల్టర్ వాషర్ వెతకాలి. ఫిల్టర్ అడుగున నీరుంటే వదిలేయాలి.

షెడ్డుకు ఎప్పుడు ఇవ్వాలి?

చాలామంది బండిని నడుపుకుంటూ షెడ్డుకు తీసుకెళ్తారు. అప్పటికే ఇంజను వేడెక్కి ఉంటుంది, అక్కడ ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. మెకానిక్‌కు లోపం కనబడదు, అంచనాతో ఒక్కో పార్టూ మారుతుంది, డబ్బులు పోతాయి, జబ్బు అలాగే ఉంటుంది. బండిని ముందురోజు సాయంత్రమే అప్పగించి, పొద్దున తన ముందే మొదటి సెల్ఫ్ కొట్టించడం మంచిది. మొరాయించినప్పటి శబ్దం, పొగ ఫోనులో వీడియో తీసి చూపించినా ఉపయోగమే. బ్యాటరీ, టెర్మినళ్లు, ప్లగ్గులు, ఫిల్టర్లు ముందు. సెన్సర్లు ఆ తర్వాత. ఇంజను విప్పడం చిట్టచివర.

సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు మించి నొక్కకూడదు, మధ్యలో అర నిమిషం ఆగాలి. ఎయిర్ ఫిల్టర్‌లో పెట్రోలు పోయడం ప్రమాదం. మూసిన షెడ్డులో ఇంజను ఆన్‌లో ఉంచకూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.