బోస్టన్ సెల్టిక్స్ 2007–08 సీజన్

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో బోస్టన్ సెల్టిక్స్ జట్టు 2006–07లో 82 మ్యాచ్‌లు ఆడి 24 గెలిచింది, 58 ఓడింది. మరుసటి సీజన్‌లో 66 గెలిచి 16 మాత్రమే ఓడింది. ఒక్క ఏడాదిలో 42 విజయాలు పెరగడం ఎన్‌బీఏ చరిత్రలో మరే జట్టుకూ సాధ్యపడలేదు. అంతకుముందున్న రికార్డు 36. టిమ్ డంకన్ చేరిన 1997–98లో శాన్ ఆంటోనియో స్పర్స్ 20 విజయాల నుంచి 56కు ఎగబాకినప్పుడు ఆ రికార్డు వచ్చింది. సెల్టిక్స్ అక్కడితో ఆగలేదు. 2008 జూన్ 17న లాస్ ఏంజెలస్ లేకర్స్‌ను ఓడించి, 22 ఏళ్ల తర్వాత మళ్లీ టైటిల్ అందుకుంది.

ముగ్గురు పెద్ద ఆటగాళ్లను ఒకచోట చేర్చిన కథగా ఈ సీజన్‌ను చెప్పుకోవడం పరిపాటి. వాళ్లు లేకుండా ఇది జరిగేది కాదన్నది నిజమే. అయితే ఆ ముగ్గురూ తమ తమ స్కోరు తగ్గినా సరేననుకున్నారు, జట్టంతా డిఫెన్స్‌ను మొదటి పనిగా పెట్టుకుంది. 66 విజయాల మూలం అక్కడే ఉంది.

నేపథ్యం

1957 నుంచి 1969 వరకు బిల్ రస్సెల్ ఆడిన 13 సీజన్లలో సెల్టిక్స్ 11 టైటిళ్లు గెలిచింది. లారీ బర్డ్ కాలంలో మరో మూడు వచ్చాయి. 1986లో పదహారోది గెలిచాక కష్టాలు మొదలయ్యాయి. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో తీసుకున్న లెన్ బయస్ రెండు రోజులకే చనిపోయాడు. 1993లో కెప్టెన్ రెజీ లూయిస్ మరణించాడు. 1996–97లో జట్టు 15 మ్యాచ్‌లే గెలిచింది. టిమ్ డంకన్ దక్కుతాడని ఆశపడితే లాటరీలో అతను శాన్ ఆంటోనియోకు వెళ్లిపోయాడు. 1998 డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో దొరికిన పాల్ పియర్స్ ఆ తర్వాత దాదాపు పదేళ్లు జట్టు భారాన్ని మోశాడు. లాస్ ఏంజెలస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో, అప్పట్లో లేకర్స్ ఆడే మైదానానికి దగ్గర్లో, లేకర్స్ అభిమానిగా పెరిగినవాడు సెల్టిక్స్ కెప్టెన్ కావడం ఈ కథలోని విశేషాల్లో ఒకటి.

2006 అక్టోబర్ 28న, సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు, సెల్టిక్స్‌కు ప్రాణం పోసిన రెడ్ ఆవర్‌బాక్ 89వ ఏట కన్నుమూశాడు. ఆ సీజన్ అంతా విషాదంగానే గడిచింది. పాదం ఎముక దెబ్బతిని పియర్స్ వరుసగా 24 మ్యాచ్‌లకు దూరమయ్యాడు. జట్టు వరుసగా 18 మ్యాచ్‌లు ఓడి సంస్థ చరిత్రలోనే అతి పొడవైన ఓటముల వరుసను మూటగట్టుకుంది. ఫిబ్రవరి 14న మిల్వాకీ బక్స్‌పై గెలుపుతో అది తెగింది. సీజన్ చివర్లో, మంచి డ్రాఫ్ట్ స్థానం కోసం కావాలనే ఓడుతున్నారన్న ఆరోపణలు కూడా వచ్చాయి.

లాటరీ, రెండు మార్పిడులు

కిందటి సీజన్‌లో వెనకబడిన జట్లు కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునేలా ఎన్‌బీఏ డ్రాఫ్ట్ ఉంటుంది. తొలి మూడు స్థానాలు ఎవరివో అప్పట్లో లాటరీ తేల్చేది. 2007లో అందరి కళ్లూ గ్రెగ్ ఓడెన్, కెవిన్ డ్యురాంట్ మీదే ఉన్నాయి. లీగ్‌లో కింది నుంచి రెండో స్థానంలో ఉన్న బోస్టన్‌కు మొదటి ఎంపిక దక్కే అవకాశం దాదాపు 20 శాతం. మే 22న జరిగిన లాటరీలో పోర్ట్‌లాండ్, సియాటిల్, అట్లాంటా పైకి వచ్చాయి. బోస్టన్ అయిదో స్థానానికి పడిపోయింది. నిబంధనల ప్రకారం దానికి అంతకన్నా కింది స్థానం రావడానికి వీల్లేదు.

జట్టు కార్యకలాపాల అధిపతి డానీ ఏంజ్ 2003 నుంచీ కుర్రవాళ్లను పోగేస్తూ వచ్చాడు. ఓడెనో డ్యురాంటో దొరికి ఉంటే అదే దారిన మరి కొన్నేళ్లు నడిచేవాడేమో. లాటరీ దెబ్బ ఆ ఆలోచనను తిరగేసింది. నెల దాటిన కొద్ది రోజులకే, జూన్ 28న డ్రాఫ్ట్ రాత్రి, అయిదో ఎంపికగా తీసుకున్న జెఫ్ గ్రీన్‌తో పాటు వాలీ జర్బియాక్, డెలాంటే వెస్ట్‌లను సియాటిల్ సూపర్‌సోనిక్స్‌కు ఇచ్చి రే అలెన్‌ను తెచ్చుకున్నాడు. త్రీ పాయింటర్లు వేయడంలో అలెన్ ఆ తరంలో అగ్రశ్రేణి ఆటగాడు. అదే ఒప్పందంలో 35వ ఎంపిక రూపంలో గ్లెన్ డేవిస్ కూడా వచ్చాడు.

మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్‌లో 12 సీజన్లు ఆడిన కెవిన్ గార్నెట్ కోసం ఏంజ్ అంతకుముందే ప్రయత్నించాడు. బోస్టన్‌కు రావడం గార్నెట్‌కు ఇష్టం లేదు. హైస్కూలు నుంచి నేరుగా ఎన్‌బీఏకు వచ్చి, 2004లో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన అతను మరో బలహీన జట్టులోకి వెళ్లి ఏం చేస్తాడు? పియర్స్ పక్కన అలెన్ చేరాక లెక్క మారింది. జూలై 31న ఒప్పందం కుదిరింది. అల్ జెఫర్సన్, రయాన్ గోమ్స్, జెరాల్డ్ గ్రీన్, సెబాస్టియన్ టెల్ఫేర్, థియో రాట్లిఫ్ అనే అయిదుగురు ఆటగాళ్లనూ, రెండు తొలి రౌండ్ డ్రాఫ్ట్ హక్కులనూ బోస్టన్ వదులుకుంది. ఒక్క ఆటగాడి కోసం ఇంత ఇచ్చిన సందర్భం ఎన్‌బీఏలో అంతకుముందు లేదు. అవతలి పక్క బేరం నడిపిన కెవిన్ మెక్‌హేల్, ఏంజ్‌తో కలిసి 1980లలో సెల్టిక్స్‌కు ఆడినవాడు కావడంతో పాత స్నేహం పనిచేసిందన్న మాట అప్పట్లో గట్టిగానే వినిపించింది. జెఫర్సన్‌కు అప్పటికి 22 ఏళ్లు. అంతకుముందు సీజన్‌లో సగటున 16 పాయింట్లు, 11 రీబౌండ్లు సాధించినవాడు. కాబట్టి ఈ మార్పిడిని దానంగా కొట్టిపారేయడం మిన్నెసోటాకు అన్యాయం చేయడమే.

జట్టు కూర్పు

పియర్స్‌కు 30, గార్నెట్‌కు 31, అలెన్‌కు 32 ఏళ్లు. ముగ్గురిలో ఒక్కరూ టైటిల్ చూడలేదు. 2006లో మయామీతో టైటిల్ గెలిచిన జేమ్స్ పోజీ, త్రీ పాయింటర్లు వేసే ఎడ్డీ హౌస్ బయటి నుంచి వచ్చారు. పాతవాళ్లలో సెంటర్ కెండ్రిక్ పెర్కిన్స్, టోనీ అలెన్, లియాన్ పో మిగిలారు. పాయింట్ గార్డ్‌గా రెండో ఏడాది ఆటగాడు రాజాన్ రాండోను నిలబెట్టడం మీదే ఎక్కువ అనుమానాలు ఉండేవి. అతనికి అప్పటికి 21 ఏళ్లు. దూరం నుంచి బంతి వేయడం అంతంత మాత్రం. కానీ ముగ్గురు హేమాహేమీలకు బంతి పంచే పనిలో అతను బెదరలేదు.

కోచ్ డాక్ రివర్స్ మీద కిందటి సీజన్‌లో సొంత మైదానంలోనే ప్రేక్షకులు కేకలు వేశారు. ఈసారి అతను సీజన్ మొదలుకాక ముందే ముగ్గురినీ బోస్టన్ పర్యాటకుల డక్ బోటు ఎక్కించి, టైటిల్ గెలిస్తే ఊరేగింపు సాగే దారి చూపించాడు. అక్టోబర్‌లో శిక్షణ శిబిరం రోమ్‌లో జరిగింది. ఇళ్లూ వ్యాపకాలూ దూరంగా ఉండటంతో కొత్తవాళ్లూ పాతవాళ్లూ అక్కడే కలిసిపోయారు. ఒకరి ఉనికి మిగతావారితోనే అన్న అర్థంలో ఆఫ్రికాలో వాడే ‘ఉబుంటు’ అన్న మాటను రివర్స్ వారికి పరిచయం చేశాడు. సీజన్ పొడవునా జట్టు నినాదం అదే.

ఆ నినాదం అంకెల్లోనూ కనిపిస్తుంది. అంతకుముందు సీజన్‌లో అలెన్ మ్యాచ్‌కు 26.4 పాయింట్లు వేశాడు, ఇప్పుడు 17.4. పియర్స్ 25.0 నుంచి 19.6కు, గార్నెట్ 22.4 నుంచి 18.8కు తగ్గారు. ముగ్గురిలో ఒక్కరి సగటూ 20 దాటలేదు. పేరూ డబ్బూ పాయింట్ల మీదే ఆధారపడే ఆటలో, ముప్పై దాటిన ముగ్గురు ఒకేసారి దీనికి సిద్ధపడటం చిన్న విషయం కాదు.

డిఫెన్స్

ఆ వేసవిలోనే అసిస్టెంట్ కోచ్‌గా చేరిన టామ్ తిబడో డిఫెన్స్ బాధ్యత తీసుకున్నాడు. తన మనిషిని వదలకుండా కాపలా కాయాలన్న పాత నిబంధనను 2001లో ఎన్‌బీఏ సడలించింది. ఆ సడలింపు ఇచ్చిన వెసులుబాటును తిబడో పూర్తిగా వాడుకున్నాడు. బంతి ఉన్న ఆటగాణ్ని కోర్టు మధ్యకు రానివ్వకుండా పక్క గీత వైపు నెట్టడం, బంతి ఉన్న వైపు ఒక మనిషిని అదనంగా మోహరించడం, అవతలి వైపు మిగిలినవాళ్లు బుట్ట ముందు ఖాళీని కాస్తూనే దూరపు పాస్ వస్తే పరుగున తమ మనిషిని చేరుకోవడం అతని పద్ధతి. చెప్పడానికి తేలికే. అయిదుగురిలో ఒక్కరు అర క్షణం ఆలస్యమైనా మొత్తం తెగిపోతుంది. ఎవరు ఎటు కదలాలో వెనక నుంచి గట్టిగా అరుస్తూ చెప్పేది గార్నెట్. పొడవైన చేతులతో చిన్న ఆటగాళ్లకూ అడ్డుపడి, మళ్లీ బుట్ట దగ్గరికి పరిగెత్తగల శక్తి అతనికి ఉంది.

ప్రత్యర్థులు సగటున 90.3 పాయింట్లకు పరిమితమయ్యారు, సెల్టిక్స్ 100.5 వేసింది. ఆ సీజన్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి పురస్కారం గార్నెట్‌కు దక్కింది. రస్సెల్ కాలంలో ఈ పురస్కారమే లేదు, తర్వాత వచ్చిన సెల్టిక్స్‌లో ఎవరికీ రాలేదు. గార్నెటే మొదటివాడు. ఏంజ్ ఉత్తమ కార్యనిర్వాహకుడిగా ఎంపికయ్యాడు.

రెగ్యులర్ సీజన్

నవంబర్ 2న సొంత మైదానంలో వాషింగ్టన్ విజార్డ్స్‌పై 103–83తో మొదలైంది. తొలి మ్యాచ్‌లోనే గార్నెట్ 22 పాయింట్లు, 20 రీబౌండ్లు అందుకున్నాడు. వరుసగా ఎనిమిది గెలిచాక ఓర్లాండోలో తొలి ఓటమి ఎదురైంది. నవంబర్ 29న న్యూయార్క్ నిక్స్‌ను 104–59తో చిత్తు చేశారు. తొలి 32 మ్యాచ్‌లలో 29 విజయాలు. పొట్ట కండరం పట్టేసి గార్నెట్ తొమ్మిది మ్యాచ్‌లకు దూరమైనప్పుడు కూడా ఏడు గెలవడం, జట్టు ఒక్కరి మీదే నిలబడలేదని చూపింది. ముగ్గురూ ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ఎంపికయ్యారు. ఆ వారాంతంలో న్యూ ఆర్లీన్స్‌లో కలిసి, జట్టు లేక ఇంట్లో ఉన్న 38 ఏళ్ల పి.జె. బ్రౌన్‌ను పియర్స్, అలెన్ ఒప్పించారు. హ్యూస్టన్‌తో రెండు టైటిళ్లు గెలిచిన శామ్ కసెల్ కూడా మార్చిలో వచ్చాడు.

అసలు పరీక్ష మార్చిలో టెక్సస్ యాత్ర. 17న శాన్ ఆంటోనియోలో 22 పాయింట్లు వెనకబడి కూడా 93–91తో గెలిచారు. మర్నాడే హ్యూస్టన్ రాకెట్స్ వరుసగా 22 మ్యాచ్‌ల జైత్రయాత్రను 94–74తో ఆపారు. 20న డల్లస్‌లోనూ గెలిచారు. ఈ నాలుగు రోజుల తర్వాత బోస్టన్‌ను శంకించడానికి ఎవరి దగ్గరా పెద్దగా ఏమీ మిగల్లేదు.

ప్లేఆఫ్స్

శంకించాల్సిన అవసరం తొలి రౌండ్‌లోనే వచ్చిపడింది. 37 మ్యాచ్‌లే గెలిచి ప్లేఆఫ్స్‌లోకి వచ్చిన అట్లాంటా హాక్స్, ఏడో మ్యాచ్ దాకా లాక్కెళ్లింది. ఆ ఏడో మ్యాచ్‌ను బోస్టన్ 99–65తో గెలిచింది. క్లీవ్‌లాండ్‌తో సిరీస్ కూడా ఏడు మ్యాచ్‌లు సాగింది. ఈ రెండు రౌండ్లలో బయటి మైదానాల్లో ఆడిన ఆరూ ఓడారు. క్లీవ్‌లాండ్‌తో మే 18 నాటి చివరి మ్యాచ్‌లో లెబ్రాన్ జేమ్స్ 45 పాయింట్లు, పియర్స్ 41 వేశారు. చివర్లో బ్రౌన్ వేసిన షాట్ కీలకమైంది. బోస్టన్ 97–92తో బయటపడింది. తర్వాత డెట్రాయిట్ పిస్టన్స్‌తో రెండో మ్యాచ్‌ను సొంతగడ్డపై ఓడి, మూడోదాన్ని డెట్రాయిట్‌లో గెలిచారు. ఆ ప్లేఆఫ్స్‌లో బయట వచ్చిన మొదటి గెలుపు అదే. సిరీస్ 4–2తో ముగిసింది.

ఫైనల్స్‌లో ఎదురైంది పాత ప్రత్యర్థి లేకర్స్. ఆ ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడు కోబీ బ్రయంట్, ఫిబ్రవరిలో చేరిన పావ్ గసోల్ ఆ జట్టు బలం. మొదటి మ్యాచ్‌లో మోకాలికి దెబ్బ తగిలి పియర్స్‌ను చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు. నిమిషాల్లో తిరిగొచ్చి వరుసగా రెండు త్రీ పాయింటర్లు వేశాడు. రెండో మ్యాచ్‌లో బెంచ్ నుంచి వచ్చిన లియాన్ పో 15 నిమిషాలైనా ఆడకుండానే 21 పాయింట్లు తెచ్చాడు.

సిరీస్‌ను తేల్చింది మాత్రం జూన్ 12న లాస్ ఏంజెలస్‌లో జరిగిన నాలుగో మ్యాచ్. తొలి క్వార్టర్ ముగిసేసరికి బోస్టన్ 35–14తో వెనకబడింది. ఒక దశలో తేడా 24కు చేరింది. పెర్కిన్స్ భుజానికి గాయం, రాండో చీలమండ నొప్పితో సరిగా ఆడలేని స్థితి. రివర్స్ పోజీ, హౌస్‌లతో చిన్న, వేగమైన కూర్పును దించాడు. బ్రయంట్‌ను ఆపే పనిని రెండో సగంలో పియర్స్ తన మీద వేసుకున్నాడు. మూడో క్వార్టర్‌లో 31–15. చివరికి 97–91. పోజీ 18 పాయింట్లు వేశాడు, అలెన్ 48 నిమిషాలూ కోర్టులోనే ఉన్నాడు. ఇంతమంది ఇన్ని వైపుల నుంచి నిలబెట్టిన మ్యాచ్ ఈ సీజన్ మొత్తంలో మరొకటి లేదు.

అయిదోది లేకర్స్ గెలిచింది. ఆరోది బోస్టన్‌లో 131–92తో ముగిసింది. టైటిల్ తేల్చిన మ్యాచ్‌లలో అంత పెద్ద తేడా అంతకుముందు లేదు. గార్నెట్ 26 పాయింట్లు, 14 రీబౌండ్లు, అలెన్ ఏడు త్రీ పాయింటర్లు, ఎవరూ నమ్మని రాండో 21 పాయింట్లు, ఆరు స్టీల్స్. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు పియర్స్. ప్లేఆఫ్స్‌లో మొత్తం 26 మ్యాచ్‌లు ఆడారు. ఇన్ని మ్యాచ్‌లు ఆడి టైటిల్ గెలిచిన జట్టు అంతకుముందు లేదు. రెండు రోజుల తర్వాత ఊరేగింపు డక్ బోట్ల మీద సాగింది.

తర్వాతి కాలం

ఈ ముగ్గురూ కలిసి మళ్లీ టైటిల్ గెలవలేదు. 2009లో గార్నెట్ మోకాలి గాయం అడ్డుపడింది. 2010 ఫైనల్స్‌లో 3–2తో ముందుండి కూడా లేకర్స్‌కు ఏడో మ్యాచ్‌లో ఓడారు. 2012లో అలెన్ మయామీకి వెళ్లిపోవడం మిగతావాళ్లను బాగా నొప్పించింది. మార్పిడులు చేసిన జట్లకు కాలం కలిసిరాలేదు. సియాటిల్ జట్టు 2008లోనే ఓక్లహోమా సిటీకి తరలిపోయింది. మిన్నెసోటాకు 2018 దాకా ప్లేఆఫ్స్ దక్కలేదు.

2013లో ఏంజ్ మళ్లీ పెద్ద బేరానికి దిగాడు. ఈసారి ఇచ్చేవాడు తనే. గార్నెట్, పియర్స్‌లను బ్రూక్లిన్ నెట్స్‌కు పంపి డ్రాఫ్ట్ హక్కులు తీసుకున్నాడు. వాటి ఆధారంగా 2016లో జేలెన్ బ్రౌన్, 2017లో జేసన్ టేటమ్ బోస్టన్‌కు వచ్చారు. ఆ ఇద్దరి జట్టు 2024 జూన్ 17న డల్లస్‌ను ఓడించి సెల్టిక్స్‌కు పద్దెనిమిదో టైటిల్ తెచ్చింది.