లైవ్‌కనెక్ట్

వెబ్ పేజీలో నడిచే జావా ఆప్లెట్ (చిన్న ప్రోగ్రామ్), అదే పేజీలోని జావాస్క్రిప్టు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికీ, విలువలు ఇచ్చిపుచ్చుకోవడానికీ నెట్‌స్కేప్ కంపెనీ చేసిన ఏర్పాటు పేరు లైవ్‌కనెక్ట్. 1996 ఆగస్టులో నెట్‌స్కేప్ నావిగేటర్ 3.0తో వచ్చింది. బ్రౌజర్లలో ఆప్లెట్లు నడిచినన్నాళ్లూ, అంటే ఇంచుమించు ఇరవై ఏళ్లు, వాడుకలో ఉంది.

పేర్లు చూసి ఈ రెండు భాషలూ తోబుట్టువులనుకునేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నిజానికి వాటి పుట్టిళ్లు వేరు. జావా సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం తయారుచేసిన భాష. 1995 మేలో లోకానికి తెలిసింది. అదే నెలలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో మరో భాషకు తొలి రూపం ఇచ్చాడు. దాన్ని మొదట మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు. డిసెంబరులో సన్‌తో కలిసి జావాస్క్రిప్ట్ అని ప్రకటించారు. బరువైన పనులు జావా చేస్తే, వాటిని పేజీతో ముడివేసే పని ఈ తేలికపాటి భాష చూసుకోవాలన్నది ఆలోచన. నావిగేటర్ 2.0లో రెండూ ఉన్నాయి గానీ ఆ ముడి సరిగా పడలేదు. పేజీ రాసేటప్పుడే పారామ్ ట్యాగులో పెట్టిన విలువలను ఆప్లెట్ చదువుకునేది. పాఠకుడు ఆ తర్వాత ఫారంలో ఏం టైపు చేసినా ఆప్లెట్‌కు అందే రాజమార్గం లేదు.

లైవ్‌కనెక్ట్ ఆ దారిని రెండువైపుల నుంచీ తెరిచింది. జావాస్క్రిప్టుకు ఆప్లెట్ పేజీలోని మరో ఆబ్జెక్టులా కనిపించేది. దాని పబ్లిక్ మెథడ్లను పేరుపెట్టి పిలిచే వీలుండేది. జావా వైపు జేఎస్‌ఆబ్జెక్ట్ అనే క్లాసు ఉండేది. గెట్‌విండోతో పేజీని చేతికి తీసుకుని, గెట్‌మెంబర్‌తో అందులోని విలువ చదవడానికి, సెట్‌మెంబర్‌తో మార్చడానికి, కాల్‌తో పేజీలోని ఫంక్షన్‌ను నడిపించడానికి వీలుండేది. అయితే ఆప్లెట్ ట్యాగులో మేస్క్రిప్ట్ అన్న మాట ఉంటేనే జావా నుంచి పేజీలోకి అనుమతి ఉండేది. వేరేచోటి నుంచి తెచ్చిపెట్టుకున్న ఆప్లెట్, పేజీ రాసినవారి ఒప్పుదల లేకుండా పేజీని తడమకూడదని ఆ గొళ్లెం.

అసలు చిక్కు దారి తెరవడంలో లేదు, దాటే విలువల్లో ఉంది. జావాలో ప్రతి విలువకూ ముందే నిర్ణయించిన రకం ఉంటుంది. పూర్ణాంకం వేరు, దశాంశం వేరు. అప్పటి జావాస్క్రిప్టుకు తెలిసిన సంఖ్య ఒకటే రకం, 64 బిట్ల డబుల్. ఒకే పేరుతో ఒకటి పూర్ణాంకాన్నీ మరొకటి దశాంశాన్నీ తీసుకునే రెండు జావా మెథడ్లుంటే, స్క్రిప్టు పంపిన 3 దేనికి చేరాలి? తొలి కూర్పుల్లో సరిపోయేవాటిలో ముందు తగిలినదే నడిచేది. అందుకే అనుభవజ్ఞులు పేజీ పిలిచే మెథడ్లకు వేర్వేరు పేర్లు పెట్టేవారు.

అక్షరాల వరసలు, అంటే స్ట్రింగులు, ఇంకా తిప్పలు పెట్టేవి. జావా తిరిగి ఇచ్చిన స్ట్రింగు నెట్‌స్కేప్‌లో జావాస్క్రిప్టు స్ట్రింగు అయ్యేది కాదు, జావా ఆబ్జెక్టుగానే ఉండేది. దాని పొడవు అడగాలంటే లెంగ్త్ పక్కన బ్రాకెట్లు పెట్టాలి. జావాస్క్రిప్టు సొంత స్ట్రింగుకు పెట్టకూడదు. జావా స్ట్రింగుకు ఖాళీ స్ట్రింగు ఒకటి కలిపి సొంతం చేసుకోవడం అప్పటి ప్రోగ్రామర్లందరికీ తెలిసిన కిటుకు. తెలుగులాంటి లిపుల సంగతి మరొకటి. జావా మొదటి నుంచీ యూనికోడ్ భాష. జావాస్క్రిప్టు 1.3 కూర్పులో గానీ యూనికోడ్ రాలేదు. ఈ తిప్పలన్నీ తప్పించుకోవడానికి మొత్తం సమాచారాన్ని గీతలతోనో కామాలతోనో కలిపి ఒకే స్ట్రింగుగా పంపి, అవతల విడదీసుకోవడం చాలామందికి అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి అయింది. చూడ్డానికి మొరటుగా ఉన్నా, ఏ బ్రౌజర్లోనైనా దాటేది అదే.

ఎందుకంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దారి వేరు. మైక్రోసాఫ్ట్ తన జావా యంత్రంలోని ఆప్లెట్లను కామ్ అనే తన సొంత పద్ధతిలో స్క్రిప్టుకు అందించింది. ఒకచోట నడిచిన పేజీ మరోచోట మొరాయించేది. పేజీ సిద్ధమయ్యేసరికి ఆప్లెట్ ఇంకా లేవకపోవడం ఇంకో సమస్య. ఆప్లెట్ తాను లేచాక పేజీలోని ఒక ఫంక్షన్‌ను పిలిచి కబురు చెప్పడమే దానికి మందు.

ఇంత శ్రమ ఎందుకు పడ్డారో చెప్పడానికి ఫిజ్‌లెట్లను మించిన ఉదాహరణ లేదు. అమెరికాలోని డేవిడ్సన్ కాలేజీలో వుల్ఫ్‌గాంగ్ క్రిస్టియన్, మారియో బెల్లోని భౌతికశాస్త్ర బోధనకు వీటిని అభివృద్ధి చేశారు. ఆప్లెట్ ఒక్కటే, వస్తువు ఎక్కడుంది, ఎంత వేగంతో కదులుతుంది అన్న వివరాలు పేజీలోని జావాస్క్రిప్టు పంపేది. జావా రాని మాస్టారు కూడా నాలుగు పంక్తులు మార్చి పిల్లలకు కొత్త లెక్క ఇవ్వగలిగేవాడు. అణువులను మూడు కొలతల్లో చూపే జేమోల్ కూడా పేజీలోని బటన్ల నుంచి ఆదేశాలను స్ట్రింగులుగా అందుకునేది. మన దేశంలో ఆదాయపు పన్ను ఇ-ఫైలింగ్‌లో డిజిటల్ సంతకానికి కొన్నేళ్లు ఆప్లెటే ఆధారం.

ఇక భద్రత మరో చిక్కు. తయారీదారు డిజిటల్ సంతకం చేసిన ఆప్లెట్‌కు కంప్యూటర్లోని ఫైళ్లు తెరిచే హక్కు దొరికేది. మరి ఎవరో రాసిన స్క్రిప్టు దాన్ని పిలిచి ఆ హక్కును వాడుకుంటే? అందుకే జావాస్క్రిప్టు నుంచి వచ్చిన పిలుపుకు తక్కువ అధికారమే ఇచ్చేవారు. మామూలుగా ఫైలు తెరిచే మెథడే స్క్రిప్టు పిలిస్తే భద్రతా దోషంతో ఆగిపోయేది. కారణం తెలియక తలపట్టుకున్నవారు ఎందరో. అయినా ఆ నియమం న్యాయమైనదే.

2008 అక్టోబరులో జావా 6 అప్‌డేట్ 10తో సన్ ఆప్లెట్లను బ్రౌజర్లో నడిపే ప్లగిన్‌నూ లైవ్‌కనెక్ట్‌నూ మళ్లీ మొదటి నుంచీ రాసింది. జావా బ్రౌజర్ బయట వేరే ప్రాసెస్‌లో నడవసాగింది. కానీ 2013లో బయటపడిన భద్రతా లోపాలతో ప్లగిన్‌పై నమ్మకం సడలింది. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ దానికి తలుపులు మూశాయి. 2018లో జావా 11 నుంచి ప్లగిన్‌నే తీసేశారు.

జేమోల్ మాత్రం ఆగలేదు. దాని జావా కోడును జావా2స్క్రిప్ట్ అనే సాధనంతో జావాస్క్రిప్టులోకి మార్చి జేఎస్‌మోల్‌గా తెచ్చారు. అణువు బొమ్మా, దాన్ని తిప్పే బటనూ ఇప్పుడు ఒకే భాషలో ఉన్నాయి.