కిడ్నీలు కోలుకునేదాకా: పెరిటోనియల్ డయాలసిస్ చరిత్ర

కిడ్నీలు ఉన్నట్టుండి పనిచేయడం మానేసినప్పుడు, పేగులను కప్పి ఉండే పెరిటోనియం పొరనే జల్లెడగా వాడి రక్తంలోని మలినాలను తీసే చికిత్స పెరిటోనియల్ డయాలసిస్. ఆస్పత్రుల్లో పీడీ అంటారు.

నంద్యాల జిల్లాలో డోన్, గుత్తిల మధ్య 44వ జాతీయ రహదారి మీదున్న ప్యాపిలి వంటి మెట్ట ప్రాంతాల్లో దీని అవసరం చేలల్లోనే మొదలవుతుంది. శెనక్కాయ చేలో రక్తపింజర కరిస్తే విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. విరుగుడు ఇంజెక్షన్ విషాన్ని అణచగలదు గానీ, అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని బాగుచేయలేదు. అయితే చాలామందిలో కొద్ది వారాల్లో మూత్రం మళ్లీ వస్తుంది. అందాకా పీడీతో ప్రాణం నిలపాలి.

ఈ ప్రయత్నం పాతదే. 1923లో జర్మనీ వైద్యుడు గేయోర్గ్ గాంటర్ ఒక రోగి కడుపులోకి సెలైన్ ఎక్కించి తీశాడు. ఆమెకు కొంత తెరిపి దొరికింది, అంతే. 1940ల మధ్యలో బోస్టన్‌లో ఫైన్, ఫ్రాంక్, సెలిగ్‌మన్‌లు సల్ఫా మందు వల్ల మూత్రం ఆగిపోయిన మనిషిని ఈ పద్ధతితో బతికించారు. 1959లో మోర్టన్ మాక్స్‌వెల్ నైలాన్ గొట్టం, సిద్ధంగా ఉన్న ద్రవం సీసాలతో దీన్ని మామూలు వార్డులో చేయగలిగిన పనిగా మార్చాడు. 1968లో హెన్రీ టెంకాఫ్ మెత్తని సిలికోన్ గొట్టం తెచ్చాడు.

పని చూడటానికి సాదాసీదాగానే ఉంటుంది. బొడ్డు కింద మత్తు ఇచ్చి గొట్టం దించుతారు. గోరువెచ్చగా చేసిన రెండు లీటర్ల చక్కెర ద్రవం లోపలికి వదిలి, అరగంట ఉంచి, కింద పెట్టిన సంచిలోకి దించుతారు. మళ్లీ కొత్త ద్రవం. ఇలా రాత్రింబవళ్లు సాగుతుంది. లోపలికి పోయినదెంత, బయటికి వచ్చినదెంత అని నర్సు ప్రతిసారీ రాసుకుంటుంది. దించిన ద్రవం మబ్బుగా కనిపిస్తే కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చిందని అనుమానించాలి. యంత్రం, కరెంటు, శుద్ధి చేసిన వందల లీటర్ల నీరు అక్కర్లేదు. పసిపిల్లలకైతే ఇది మరీ అనువు.

2002లో వెలువడిన ఒక వియత్నాం అధ్యయనం పీడీ పేరును దెబ్బతీసింది. 70 మంది రోగుల్లో పీడీ పొందినవారిలో 47 శాతం, రక్తాన్ని యంత్రంతో వడకట్టినవారిలో 15 శాతం చనిపోయారు. కానీ అక్కడ వాడినది గట్టి గొట్టం, అసిటేట్ ద్రవం. 2008లో వెలువడిన బ్రెజిల్ అధ్యయనంలో 120 మందిలో సగం మందికి మెత్తని గొట్టంతో ఎక్కువ ద్రవం వాడి చూస్తే, రోజూ చేసే రక్త డయాలసిస్‌తో సమానమైన ఫలితమే వచ్చింది. కాబట్టి దీన్ని పేదల వైద్యమని తీసిపారేయడం తప్పు.

ఫ్యాక్టరీ ద్రవం దొరకని చోట రింగర్ లాక్టేట్ సెలైన్‌లో డెక్స్‌ట్రోజ్ కలిపి, శుభ్రత పాటిస్తూ వార్డులోనే ద్రవం తయారు చేసుకోవచ్చని 2020 నాటి అంతర్జాతీయ పీడీ మార్గదర్శకాలు చెబుతున్నాయి.