తేట నీళ్లకూ పటికే

నల్లగొండ జిల్లా త్రిపురారం చుట్టుపక్కల ఊళ్లకు రెండు రకాల నీళ్లు బాగా తెలుసు. ఒకటి నాగార్జునసాగర్ ఎడమ కాలువది. వానాకాలంలో అది మట్టిరంగులో పారుతుంది. రెండోది బోరు నీరు, గ్లాసు అడుగు కనిపించేంత తేట. ఏది తాగాలని అడిగితే ఎవరి వేలైనా తేట నీటి వైపే చూపిస్తుంది. ఆ జిల్లాలో పడమటి ఊళ్లు తరాల తరబడి అదే చేశాయి.

మట్టినీరు ఒక మిశ్రమం. అందులో మన్ను కరగలేదు, తేలుతోందంతే. బిందెలో కదలకుండా ఉంచితే ముతక మన్ను తెల్లారేసరికి అడుక్కి దిగుతుంది. సన్నటి బంకమన్ను మాత్రం ఓ పట్టాన దిగదు. దాని రేణువులన్నిటి మీదా రుణావేశం ఉంటుంది. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ రోజుల తరబడి నీళ్లలోనే తిరుగుతాయి. ఇలాంటి వాటికి 1861లో థామస్ గ్రాహమ్ అనే స్కాట్లాండ్ రసాయనవేత్త కొల్లాయిడ్లని పేరు పెట్టాడు. పటిక ముక్క తీసుకుని బిందెలో నాలుగు చుట్లు తిప్పితే, అందులోని మూడు ధనావేశాల అల్యూమినియం ఆ గొడవ తీర్చేస్తుంది. రేణువులు జట్టుకట్టి బరువెక్కి దిగుతాయి. పేరు పెట్టడం పంతొమ్మిదో శతాబ్దం సంగతి గానీ పని చాలా పాతది. నీళ్లను తేర్చే పదార్థాల్లో చిల్లగింజను సుశ్రుత సంహిత ఏనాడో చేర్చింది. ఆ గింజను కుండ లోపలి అంచుకు అరగదీసి నీళ్లు పోసుకునే అలవాటు తెలుగు ఊళ్లలోనూ ఉండేది.

బోరు నీటితో వచ్చిన చిక్కు వేరు. అది మిశ్రమంలా పైకి కనబడదు, ద్రావణం. కరిగిన అయాన్ల పరిమాణం ఒక నానోమీటరుకన్నా తక్కువ. ఏ చీరచెంగూ వాటిని వడకట్టలేదు. కాస్తే ఆవిరయ్యేది నీరే కాబట్టి మిగిలిన నీటిలో ఉప్పు మరింత చిక్కబడుతుంది. జిల్లా పడమట మర్రిగూడ, మునుగోడు వైపు గ్రానైటు రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న భూగర్భజలం ఏళ్ల తరబడి ఆ రాళ్లను ఒరుసుకుంటూ ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. దాటితే మొదట పళ్ల మీద గోధుమరంగు గారలు తేలతాయి. మోతాదు ఇంకా పెరిగి ఏళ్లు గడిస్తే కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది.

ఈ జబ్బుకు మన దేశంలో వైద్యపత్రికకెక్కిన తొలి చిరునామాల్లో తెలుగు నేల ఉంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో షార్ట్, మరి ముగ్గురు పరిశోధకులు చూసిన రోగుల వివరాలు 1937లో అచ్చయ్యాయి. కారణం కంటికి కనిపించేది కాదు గనుక, అంతకుముందు ఎన్ని తరాలు దాన్ని వాతమనో కర్మమనో సరిపెట్టుకున్నాయో!

కరిగినదాన్ని బయటికి తీయడమెలా? ముందు ఎవరికైనా సున్నమే గుర్తొస్తుంది. అందులోని కాల్షియం, నీటిలోని ఫ్లోరైడ్‌తో కలిసి, నీళ్లలో సరిగా కరగని కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. అయితే "సరిగా కరగని" అన్నచోటే మెలిక ఉంది. ఆ ఉప్పు లీటరు మంచినీటిలో సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది, అందులో ఫ్లోరైడ్ వాటా ఎనిమిది దాకా ఉంటుంది. ఒకటిన్నరకు దించాల్సిన ఊరికి ఆ లెక్క ఎందుకు పనికొస్తుంది?

పటికతో ఫ్లోరైడ్ తగ్గుతుందని అమెరికాలో బోరఫ్ అనే రసాయనవేత్త 1934లోనే ప్రయోగాలు చేసి రాశాడు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, 1960ల నుంచి రకరకాల పదార్థాలు పరీక్షించి చివరికి పటిక దగ్గరికే వచ్చింది. నవ్లాఖే, కులకర్ణి, పాఠక్, బులుసు కలిసి 1975లో ఆ పద్ధతిని ప్రచురించారు. దానికి పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్.

చూడ్డానికి ఇది వంటింటి పనిలాగే ఉంటుంది. బకెట్ నీళ్లలో ముందు కొంచెం సున్నం, క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడరు వేస్తారు, తర్వాత పటిక. పది నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు ముట్టుకోకుండా వదిలేస్తారు. పైన తేరిన నీటిని వంచుకుంటారు. లోపల జరిగేదే తమాషా. పటిక నీళ్లలో విడిపోయి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే తెల్లటి దూదిపింజలవుతుంది. ఫ్లోరైడ్ అయాన్లు వాటి ఒంటికి అంటుకుని, వాటితోపాటే దిగిపోతాయి. పటిక వల్ల నీళ్లు పులుపెక్కకుండా సున్నం కాస్తుంది. అంటే ఇక్కడ చేస్తున్నది ద్రావణంలోని సరుకును మిశ్రమంలోకి లాగడం. తేలేదేదైనా దింపొచ్చు, కరిగినదాన్ని దింపాలంటే ముందు తేలించాలి. బురదనీటికి తెలిసిన చిట్కాను తేట నీటికి పనికొచ్చేలా మార్చడంలోనే ఈ పద్ధతి గొప్పతనమంతా ఉంది.

సున్నానికి దూరం పోనక్కర్లేదు కూడా. పాత నల్లగొండ జిల్లాకే ఆగ్నేయాన, కోదాడ దాటి మేళ్లచెరువు, మట్టపల్లి వైపు నేలంతా సున్నపురాయి, దాని చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు.

నల్లగొండ పేరు ఆ తర్వాత సముద్రం దాటింది. తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయ నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఎక్కువే. టాంజానియా, కెన్యా, ఇథియోపియా ఇళ్లలో బకెట్ పద్ధతిని ప్రయత్నించారు. పేరొచ్చినంత మాత్రాన లోపాలు పోలేదు. బురదను తేర్చడానికి చిటికెడు పటిక చాలు, ఫ్లోరైడ్‌కు లీటరుకు వందల మిల్లీగ్రాములు కావాలి. ఎంతన్నది నీటి క్షారతను బట్టి, ఫ్లోరైడ్‌ను బట్టి మారుతుంది. ఆ కొలత రోజూ ఇంట్లో ఎవరు తీస్తారు? మోతాదు పెరిగితే నీటిలో సల్ఫేట్ పెరుగుతుంది, అల్యూమినియం కొంత మిగిలిపోవచ్చు. పైగా ఈ మొత్తం తతంగంలో ఫ్లోరైడ్ నశించేదేమీ లేదు, నీళ్లలోంచి అడుగున మిగిలే తెల్లటి మడ్డిలోకి మారుతుందంతే. దాన్ని బావి పక్కనో చెరువు గట్టునో పారబోస్తే వానకు మళ్లీ కరిగి నేలలోకి దిగే ప్రమాదముంది.

2015లో చౌటుప్పల్‌లో తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్ లేచింది. పడమటి ఊళ్లకు కృష్ణా నీళ్లు తేవడం కూడా అందులోని లెక్కే. ఆ నీళ్లు కుళాయికి చేరేముందు శుద్ధి కేంద్రాల్లో ఆగుతాయి. నదిలోని బురదను దింపడానికి అక్కడ వాడేదీ పటికే.