అట్లాంటికు మీది ఆకాశమార్గము



లండను, న్యూయార్కు నగరముల నడుమ దూరమెంత యని యడిగినచో, ఆకాశమార్గమున సుమారు 3,450 మైళ్లని చెప్పవచ్చును. కాని ప్రయాణమున కెంత కాలము పట్టునని యడిగినచో, ఏ దిక్కునకు బోవుచున్నారని నేను మరల ప్రశ్నింపవలసి యుండును. పడమటనుండి తూర్పునకు రమారమి ఏడు గంటలు. తూర్పునుండి పడమటికి ఇంచుమించు ఎనిమిది. దూర మొక్కటే, విమాన మొక్కటే, భేదము గాలిది. ఆ సముద్రముపై నెత్తున గాలి ప్రధానముగ పడమటనుండి తూర్పునకు వీచును. ఏటి కెదురీదుట యెట్టిదో పడవ నడుపువారికి వేరుగ చెప్ప నక్కరలేదు.

దారియు మనము పటములో గీచిన గీతవలె తిన్నగ నుండదు. ఒక గుమ్మడికాయపై రెండు చుక్కలు పెట్టి దారము బిగించి చూడుడు. అట్లే న్యూయార్కునుండి వచ్చు విమానము ఉత్తరమునకు ఒరిగి న్యూఫౌండ్లాండు మీదుగ నైరోపా చేరును. వంకరగ తోచు ఆ దారియే దగ్గరిది.

ఈ మహాసముద్రమును విమానముపై మొదట ఆగకుండ దాటినవాడు లిండుబర్గని పెక్కండ్రు తలంతురు. అది సరికాదు. 1919వ సంవత్సరము జూను 14, 15 తేదీలలో ఆల్కాకు, బ్రౌను అను నిద్దరు బ్రిటిషు వైమానికులు న్యూఫౌండ్లాండునుండి బయలుదేరి సుమారు 1,890 మైళ్లు పదునారు గంటలలో దాటి ఐర్లాండు చేరిరి. వారెక్కినది బాంబులు వేయుటకై కల్పింపబడిన రెండు యంత్రముల విమానము. కూర్చుండుచోట పైకప్పు లేదు. దట్టమైన మబ్బులో మిన్నేదో నీరేదో తెలియక విమానము గిరగిర తిరుగుచు సముద్రమువైపు జారిపోయెను. మబ్బు విడి అలలు కంటబడిన పిదపనే ఆల్కాకు దానిని నిలువరింప గలిగెను. తెల్లవారిన పిమ్మట క్లిఫ్డెను చెంత పచ్చికబయలని దింపగా నది ఊబినేల. విమానపు ముక్కు బురదలో గ్రుచ్చుకొనెను. ఇరువురును క్షేమముగ బయటపడిరి. కాని ఆ డిసెంబరులోనే ఆల్కాకు ఫ్రాన్సు దేశమున వేరొక విమానము కూలి మరణించెను. అతని వయస్సు ఇరువదియేడేండ్లు మాత్రమే. వీరి పేళ్లు మరుగుపడుట న్యాయముకాదని నా యభిప్రాయము.

లిండుబర్గు సాహసము వేరు విధమైనది. 1927 మే 20, 21 తేదీలలో అతడు ఒంటరిగ, నిద్రతో పోరాడుచు, న్యూయార్కునుండి పారిసు వరకు సుమారు 3,600 మైళ్లు ముప్పదిమూడున్నర గంటలలో నెగిరెను. అదే నెల 8వ తేదీన పారిసునుండి ఎదురుగాలిలో పడమటికి బయలుదేరిన నుంజెస్సరు, కోలీ అను ఫ్రెంచి వీరులు తిరిగి కానరాలేదు. పడమటి దిక్కున ఆగకుండ దాటుట 1928 ఏప్రిలులో గాని విమానమునకు సాధ్యపడలేదు. ఐర్లాండునుండి బయలుదేరిన ఆ ముగ్గురికి, దూరము లిండుబర్గు దారికంటె ఎంతో తక్కువయైనను, ఇంచుమించు ముప్పదియారు గంటలు పట్టెను.

తరువాతి కథ వేగముగ నడచినది. 1958 అక్టోబరులో జెట్టు విమానములు ఈ దారిని ప్రయాణికులను చేరవేయసాగెను. 1977 మొదలు 2003 వరకు కాంకార్డు అను ధ్వనిని మించిన వేగముగల విమానము లండను న్యూయార్కుల నడుమ మూడున్నర గంటలలో తిరిగెను. దాని ఛార్జీ సామాన్యుల కందునది కాదు. న్యూయార్కు గడియారము లండనుకంటె ఐదు గంటలు వెనుకనుండుటచే, పడమటికి బోవువారు బయలుదేరిన వేళకంటె ముందే దిగుచుండిరి! 1996 ఫిబ్రవరిలో అదే విమానము తూర్పునకు వచ్చుచు 2 గంటల 53 నిమిషములలో లండను చేరెను. ఆ దినమున వెనుకగాలి మిక్కిలి బలముగ నుండెను.