భారత్ - ఇంగ్లాండు ఐదవ టెస్టు వాయిదా (2021)

2021లో ఇంగ్లాండులో పర్యటించిన భారత క్రికెట్ జట్టు ఆడవలసిన ఐదవ టెస్టు కరోనా వ్యాప్తి కారణముగా వాయిదా పడినది. మాంచెస్టర్ లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానములో 2021 సెప్టెంబరు 10న మొదలు కావలసిన ఈ ఆట, సుమారు పది నెలల తరువాత 2022 జూలై 1 నుండి 5 వరకు బర్మింగ్‌హామ్ లోని ఎడ్జ్‌బాస్టన్ మైదానములో జరిగినది. వాయిదా నాటికి 2-1 ఆధిక్యములో ఉన్న భారత్ ఈ టెస్టులో ఓడిపోవడముతో సిరీస్ 2-2తో సమమైనది.

నేపథ్యము

ఇంగ్లాండు గడ్డపై భారత్ అంతకు ముందు 1971, 1986, 2007 సంవత్సరాలలో మాత్రమే టెస్టు సిరీస్ గెలిచినది. విరాట్ కోహ్లి నాయకత్వములోని జట్టుకు నాలుగవ విజయము సాధించే అవకాశము 2021లో దక్కినది. మొదటి నాలుగు టెస్టుల ఫలితాలు:

* నాటింగ్‌హామ్ - డ్రా
* లార్డ్స్ - భారత్ 151 పరుగుల తేడాతో గెలుపు
* లీడ్స్ - ఇంగ్లాండు ఇన్నింగ్స్ 76 పరుగుల తేడాతో గెలుపు
* ఓవల్ - భారత్ 157 పరుగుల తేడాతో గెలుపు

చివరి టెస్టు డ్రా అయినా సిరీస్ భారత్ వశమయ్యేది.

వాయిదాకు కారణము

ఓవల్ టెస్టు జరుగుచుండగానే సెప్టెంబరు 5న ప్రధాన శిక్షకుడు రవిశాస్త్రికి కరోనా సోకినట్లు తేలినది. ఆయనతో సన్నిహితముగా మెలగిన బౌలింగ్ శిక్షకుడు భరత్ అరుణ్, ఫీల్డింగ్ శిక్షకుడు ఆర్.శ్రీధర్ కూడా జట్టుకు దూరముగా ఉండవలసి వచ్చినది. శ్రీధర్ హైదరాబాదు రంజీ జట్టు మాజీ ఆటగాడు. ఆట ముందురోజు ఆటగాళ్ళకు చికిత్స చేసే ఫిజియోలలో మరొకరికి వ్యాధి నిర్ధారణ కాగా, ఆ రోజు సాధనను రద్దు చేశారు. ఆటగాళ్ళ పరీక్షలలో వ్యాధి లేదని వచ్చినా, అది బయటపడడానికి కొన్ని రోజులు పట్టవచ్చునన్న భయము వారిలో మిగిలినది. చివరకు ఆట మొదలు కావడానికి రెండు గంటల వ్యవధి ఉండగా దానిని నిలిపివేశారు.

వివాదము

ఇంగ్లాండు బోర్డు మొదటి ప్రకటనలో భారత్ ఆటను వదులుకున్నదని అర్థము వచ్చే మాట ఉన్నది. కొద్దిసేపటికే ఆ మాటను తొలగించారు. ఈ తేడా చిన్నది కాదు. వదులుకున్నట్లయితే ఆ టెస్టు ఇంగ్లాండు ఖాతాలో చేరి సిరీస్ 2-2 అవుతుంది. రద్దయినట్లయితే 2-1తో భారత్ గెలిచినట్లు అవుతుంది. సెప్టెంబరు 19న అరబ్ ఎమిరేట్స్‌లో ఐపిఎల్ తిరిగి మొదలు కానుండడముతో, భారత ఆటగాళ్ళు దాని కోసమే వెనుకాడారన్న విమర్శ కూడా ఇంగ్లాండులో వినిపించినది. విషయము అంతర్జాతీయ క్రికెట్ మండలి వరకు వెళ్ళినది. చివరకు ఆటను 2022 జూలైలో ఎడ్జ్‌బాస్టన్‌లో నిర్వహించుటకు ఉభయ బోర్డులు అంగీకరించినట్లు 2021 అక్టోబరు 22న ప్రకటించారు.

ఈలోగా వచ్చిన మార్పులు

సిరీస్ అదే అయినా జట్లు మారిపోయినవి. ఇంగ్లాండు నాయకత్వము జో రూట్ నుండి బెన్ స్టోక్స్‌కు వచ్చినది. బ్రెండన్ మెకల్లమ్ శిక్షకుడైనాడు. భారత్‌కు రవిశాస్త్రి స్థానములో రాహుల్ ద్రావిడ్, కోహ్లి స్థానములో రోహిత్ శర్మ వచ్చారు. 2021లో మొదటి నాలుగు టెస్టులలో 368 పరుగులు చేసిన రోహిత్, ఎడ్జ్‌బాస్టన్ టెస్టుకు ముందు కరోనా సోకడముతో ఆడలేదు. జస్‌ప్రీత్ బుమ్రా నాయకత్వము వహించాడు. వాయిదాకు కారణమైన వ్యాధియే ఆట జరిగినప్పుడు కూడా భారత జట్టును దెబ్బ తీసినది.

ఎడ్జ్‌బాస్టన్ టెస్టు

రిషభ్ పంత్ (146), రవీంద్ర జడేజా (104) శతకాలతో భారత్ 416 పరుగులు చేసినది. స్టువర్ట్ బ్రాడ్ వేసిన ఒకే ఓవరులో 35 పరుగులు రాగా, అందులో 29 బుమ్రా బ్యాటు నుండి వచ్చినవి. ఇవి రెండూ టెస్టులలో ప్రపంచ రికార్డులు. ఇంగ్లాండు 284కు ఆలౌటైనది. రెండవ ఇన్నింగ్స్‌లో భారత్ 245 పరుగులకే పరిమితము కాగా, 378 పరుగుల లక్ష్యాన్ని ఇంగ్లాండు 3 వికెట్లు కోల్పోయి చేరుకున్నది. జో రూట్ 142, జానీ బెయిర్‌స్టో 114 పరుగులతో అజేయముగా నిలిచారు. ఇంగ్లాండు టెస్టు చరిత్రలో ఇదే అతి పెద్ద ఛేదన. ఓవర్లు నిదానముగా వేసినందుకు భారత్ ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్‌లో రెండు పాయింట్లు కూడా కోల్పోయినది.

తెలుగు ఆటగాళ్ళు

* మహమ్మద్ సిరాజ్ (హైదరాబాదు): 2021 లార్డ్స్ విజయములో 8 వికెట్లు తీశాడు. ఎడ్జ్‌బాస్టన్ మొదటి ఇన్నింగ్స్‌లో 66 పరుగులకు 4 వికెట్లు పడగొట్టాడు.
* హనుమ విహారి: కాకినాడలో జన్మించిన విహారికి 2021 జట్టులో చోటున్నా, జరిగిన నాలుగు టెస్టులలోనూ ఆడే అవకాశము రాలేదు. వాయిదా పడిన టెస్టులో మూడవ స్థానములో దిగి 20, 11 పరుగులు చేశాడు. ఛేదనలో సిరాజ్ బౌలింగులో 14 పరుగుల వద్ద ఉన్న బెయిర్‌స్టో ఇచ్చిన క్యాచ్‌ను స్లిప్‌లో జారవిడిచాడు. విహారి ఆడిన చివరి టెస్టు ఇదే.

తరువాత

భారత్ 2025లో ఇంగ్లాండులో మళ్ళీ ఐదు టెస్టులు ఆడినది. అప్పటి వరకు ఒక్క టెస్టు కూడా గెలవని ఎడ్జ్‌బాస్టన్‌లో ఆ ఏడాది 336 పరుగుల తేడాతో గెలిచినది. ఆ సిరీస్ కూడా 2-2తోనే ముగిసినందున, ఇంగ్లాండులో భారత్ చివరి టెస్టు సిరీస్ విజయము 2007 నాటిదిగానే మిగిలినది.